సార్స్ ఆగిపోయింది, కోవిడ్ ఎందుకు ఆగలేదు? కరోనా వైరస్‌ల గురించి కాస్త వివరంగా

మీరు అడిగినవి నాలుగు ప్రశ్నలు. 2003లో సార్స్ పూర్తిగా ఆగిపోయింది కదా, దాని దగ్గరి బంధువైన కోవిడ్ వైరస్ ఎందుకు ఆగలేదు? వ్యాక్సిన్ వేసుకున్నవాళ్లకు కూడా మళ్లీ మళ్లీ ఎందుకు వస్తోంది? పాజిటివ్ అని తెలియగానే యాంటీబయాటిక్, స్టెరాయిడ్ మొదలుపెట్టడం సరైనదేనా? చివరిది, మీ పిల్లికి పరీక్షలో కరోనా అని వచ్చింది, అది ఇంట్లోవాళ్లకు అంటుకుంటుందా?

నేను చాలా ఏళ్లుగా వైరస్ పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. నాలుగింటికీ సమాధానం చెబుతాను. కానీ ముందు ఈ వైరస్ కణంలోకి ఎలా దూరుతుందో, లోపల ఏం చేస్తుందో చెప్పాలి. అది తెలిస్తే మిగతావి మీకే సగం అర్థమవుతాయి. మందు ఎక్కడ పనిచేస్తుంది, మాస్క్ ఎందుకు పనిచేస్తుంది, టీకా ఎంతవరకు కాపాడుతుంది అన్నవన్నీ వైరస్ బతికే తీరులోనే ఉన్నాయి.

కరోనా వైరస్ వ్యాసం దాదాపు 100 నానోమీటర్లు. పదివేల వైరస్‌లను వరుసగా పేర్చితే ఒక మిల్లీమీటరు అవుతుంది. లోపల ఒకే పోగు ఆర్‌ఎన్‌ఏ, దాన్ని చుట్టుకుని ఎన్ ప్రొటీన్, వీటన్నిటి మీద కొవ్వు పొర. ఆ పొర వైరస్ సొంతంగా తయారు చేసుకున్నది కాదు, తాను పుట్టిన కణం నుంచి తీసుకున్నది. అందులో మూడు రకాల ప్రొటీన్లు నాటుకుని ఉంటాయి. వాటిలో పైకి పొడుచుకొచ్చి కనిపించేది స్పైక్. 1960లలో జూన్ అల్మైడా అనే శాస్త్రవేత్త ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఈ వైరస్‌ను చూసినప్పుడు చుట్టూ వలయంలా కనిపించినవి ఆ స్పైకులే. 1968లో ఈ కుటుంబానికి కరోనా అనే పేరు స్థిరపడింది.

సబ్బుతో చేతులు కడగమని ఎందుకు చెబుతామంటే ఆ కొవ్వు పొర వల్లే. సబ్బు అణువులు ఆ పొరలోకి చొచ్చుకుపోయి దాన్ని విడదీస్తాయి. పొర పోతే స్పైక్ నిలబడదు, స్పైక్ లేకపోతే వైరస్ దేనికీ అతుక్కోలేదు. 60 శాతం పైన ఆల్కహాల్ ఉన్న శానిటైజర్ చేసేదీ ఇంచుమించు అదే. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కు ఇలాంటి పొర ఉండదు, అందుకే దాని మీద శానిటైజర్ అంతగా పనిచేయదు. ఏ వైరస్‌కైనా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: దానికి కొవ్వు పొర ఉందా, లేదా?

ఈ కుటుంబం మనకు కొత్త కాదు. ఆల్ఫా, బీటా, గామా, డెల్టా అని నాలుగు శాఖలు. (వీటికీ, కోవిడ్ వేరియంట్ల పేర్లకూ సంబంధం లేదు, చాలామంది ఇక్కడ గందరగోళపడతారు.) కోళ్లకు శ్వాస జబ్బు తెచ్చే గామా రకం 1930లలోనే బయటపడింది. మనుషుల్లో బాగా స్థిరపడి వ్యాపించినవీ, పెద్ద ఎత్తున జబ్బు తెచ్చినవీ ఏడు. వాటిలో 229ఈ, ఎన్‌ఎల్63, ఓసీ43, హెచ్‌కేయూ1 అనే నాలుగు మామూలు జలుబు వైరస్‌లు. మీకూ నాకూ చిన్నప్పటి నుంచి పలుమార్లు వచ్చి పోయే ఉంటాయి. మిగతా మూడు సార్స్, మెర్స్, కోవిడ్‌ను తెచ్చే సార్స్-కోవ్-2.

ఇక కణంలోకి దూరడం. మన ముక్కు, శ్వాసనాళాలు, ఊపిరితిత్తుల్లోని కొన్ని కణాల మీద ఏసీఈ2 అనే ప్రొటీన్ ఉంటుంది. రక్తపోటును క్రమబద్ధం చేసే వ్యవస్థలో అది భాగం. స్పైక్ కొన దానికి సరిగ్గా అతుక్కుంటుంది. అతుక్కోవడంతో పని అయిపోదు, అసలు కథ ఆ తర్వాతే ఉంది. స్పైక్ ప్రొటీన్‌ను ఎక్కుపెట్టిన విల్లులా ఊహించుకోండి, బలమంతా లోపల బిగించి ఉంటుంది. దాన్ని వదలాలంటే రెండు చోట్ల కోత పడాలి. మొదటి కోత వైరస్ తయారయ్యే కణంలోనే ఫ్యూరిన్ అనే ఎంజైమ్ పెడుతుంది. రెండోది కొత్త కణం ఉపరితలం మీద టీఎంపీఆర్‌ఎస్ఎస్2 అనే ఎంజైమ్ పెడుతుంది. రెండో కోత పడగానే స్పైక్ ఆకారం ఒక్కసారిగా మారిపోయి, వైరస్ పొరనూ కణం పొరనూ ఒకదానికొకటి లాగి కలిపేస్తుంది. ఆర్‌ఎన్‌ఏ లోపలికి జారిపోతుంది. టీఎంపీఆర్‌ఎస్ఎస్2 లేని కణమైతే వైరస్ దొడ్డిదారి పడుతుంది: కణం దాన్ని సంచిలో చుట్టి మింగుతుంది, ఆ సంచిలోని కెథెప్సిన్ అనే ఎంజైమ్ ఆ కోత పెడుతుంది.

ఫ్యూరిన్ కోత పడే చోటు 2003 నాటి సార్స్ వైరస్‌లో లేదు, సార్స్-కోవ్-2లో ఉంది. తేడా 12 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏ పోగులోని ఒక్కో రసాయన ముక్కను అక్షరం అంటాం), అంటే ప్రొటీన్‌లో ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు నాలుగు. దాని ప్రాముఖ్యం ల్యాబ్‌లో చాలా స్పష్టంగా కనిపిస్తుంది. వైరస్‌లను పెంచడానికి ఎక్కువగా వాడేది కోతి మూత్రపిండం నుంచి వచ్చిన వీరో కణాలు. వాటి మీద టీఎంపీఆర్‌ఎస్ఎస్2 దాదాపు ఉండదు. వైరస్‌ను ఆ కణాల్లో ఒక ఫ్లాస్క్ నుంచి ఇంకో ఫ్లాస్క్‌కు కొన్నిసార్లు మారిస్తే చాలు, ఫ్యూరిన్ కోత చోటును పోగొట్టుకున్న రకాలు మెజారిటీ అయిపోతాయి. అక్కడ ఆ చోటు అవసరం లేదు, పైగా భారం. అదే వైరస్‌ను మనిషి శ్వాసనాళపు కణాల్లో పెంచితే ఆ చోటు నిలబడుతుంది. అందుకే వీరో కణాల్లో పెంచిన వైరస్‌తో ఏ ప్రయోగం చేసినా మొదట జీనోమ్, అంటే వైరస్ ఆర్‌ఎన్‌ఏలోని అక్షరాల వరుస, మొత్తం చదివి చూసుకోవాలి. మ్యుటేషన్ అంటే వైరస్ తెలివిగా వేసే ఎత్తు అనుకునేవాళ్లకు నేను చెప్పే ఉదాహరణ ఇదే. తప్పులు ఎప్పుడూ జరుగుతూనే ఉంటాయి, ఆ చోట ఏ తప్పు పనికొస్తే అది మిగులుతుంది.

లోపలికి వెళ్లిన ఆర్‌ఎన్‌ఏ నేరుగా మన రైబోజోముల మీదకు, అంటే కణంలో ప్రొటీన్లు తయారు చేసే యంత్రాల మీదకు, ఎక్కుతుంది. మన కణం దాన్ని తన సొంత సందేశమే అనుకుని చదివేస్తుంది. జీనోమ్‌లో మూడింట రెండు వంతులు మొదట ఒకే పొడవాటి ప్రొటీన్‌గా తయారవుతుంది. దాన్ని ముక్కలు చేస్తే పనిచేసే 16 ప్రొటీన్లు వస్తాయి. ముక్కలు చేసే కత్తెర్లు ఆ ప్రొటీన్‌లోనే ఉంటాయి, వాటిలో ముఖ్యమైనది మెయిన్ ప్రొటీయేజ్. అది గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం తర్వాతే కోస్తుంది. మన ఎంజైముల్లో అలా కోసేవి తెలిసినంతవరకు లేవు. అంటే దాన్ని అడ్డుకునే మందు తయారు చేస్తే మన సొంత ఎంజైములకు దెబ్బ తక్కువ. నిర్మాట్రెల్విర్ అనే మందు పుట్టింది ఇక్కడే. పాక్స్‌లోవిడ్ పేరుతో దొరికే మాత్రల్లో అసలు మందు అదే.

ఆ 16లో మొదటి ప్రొటీన్ చేసే పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అది రైబోజోములోకి దూరి మన సొంత సందేశాలను చదవకుండా అడ్డుపడుతుంది, వైరస్ సందేశాలను మాత్రం పోనిస్తుంది. దాంతో కణం పొరుగు కణాలను హెచ్చరించే ఇంటర్‌ఫెరాన్‌ను సమయానికి తయారు చేయలేకపోతుంది. కొందరికి రెండు మూడు రోజులపాటు ఒక్క లక్షణం కూడా ఉండదు, లోపల మాత్రం వైరస్ విపరీతంగా పెరిగిపోతుంది. దానికి ఇది ఒక కారణం. దీన్ని గుర్తుపెట్టుకోండి, సార్స్ ప్రశ్నకు ఇది అవసరమవుతుంది.

ఆ తర్వాత కణం లోపలి పొరలను మలిచి రెండు పొరల బుడగలు కట్టుకుని, వాటిలో దాక్కుని వైరస్ తన ఆర్‌ఎన్‌ఏకు కాపీలు తీస్తుంది. కాపీ తీసే ఎంజైమ్ పేరు పాలిమరేజ్. మామూలుగా ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు కాపీ తీసేటప్పుడు తప్పులు దిద్దుకోవు. అందుకే వాటి జీనోములు చిన్నవి: ఫ్లూ వైరస్‌ది 13 వేల పైచిలుకు అక్షరాలు, హెచ్‌ఐవీది దాదాపు 10 వేలు. మరీ పొడవైతే తప్పులు పేరుకుని వైరస్సే పనికిరాకుండా పోతుంది. కరోనా వైరస్ జీనోమ్ మాత్రం దాదాపు 30 వేల అక్షరాలు. అంత పొడవును మోయగలగడానికి కారణం దాని 14వ ప్రొటీన్. అది వెనక్కి చూసి, తప్పుగా చేరిన అక్షరాన్ని కత్తిరించేస్తుంది. ఫ్లూకు, హెచ్‌ఐవీకి ఈ దిద్దుబాటు లేదు.

మందుల వాళ్లకు ఇది పెద్ద తలనొప్పి. నకిలీ అక్షరాన్ని ఇచ్చి పాలిమరేజ్‌ను ఆపడం యాంటీవైరల్ మందుల్లో పాత పద్ధతి. ఇక్కడ ఆ నకిలీని ఆ దిద్దే ఎంజైమ్ తీసి పారేస్తుంది. రెమ్‌డెసివిర్ దీన్ని ఎలా దాటిందంటే, అది చేరిన చోటే కాపీని ఆపదు. మరో మూడు అక్షరాలు చేరాక ఆపుతుంది. అప్పటికి నకిలీ కొంచెం లోపలికి వెళ్లిపోయి ఉంటుంది, తీసేయడం కష్టం. మోల్నుపిరవిర్ ఇంకో దారి పట్టింది. అది కాపీని ఆపదు, ప్రతి కాపీలో తప్పులు పెంచుకుంటూ పోతుంది, చివరికి పుట్టే వైరస్‌లు పనికిరానివి అవుతాయి.

దిద్దుబాటు ఉన్నా మ్యుటేషన్లు ఆగవు. ఒక వంశంలో సగటున నెలకు రెండు మార్పులు నిలబడతాయి. అది ఫ్లూ కంటే నెమ్మదే. మరి ఇన్ని వేరియంట్లు ఎలా వచ్చాయంటే మూడు కారణాలు. సోకినవాళ్ల సంఖ్య కోట్లలో ఉండటం ఒకటి. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లలో వైరస్ నెలల తరబడి ఉండి, వాళ్ల బలహీనమైన యాంటీబాడీల మధ్యే మార్పులు పోగేసుకోవడం ఇంకొకటి. 2021 నవంబరులో బయటపడిన ఒమిక్రాన్ ఒక్క స్పైక్‌లోనే 30కి పైగా మార్పులతో వచ్చింది, అది ఇలాగే తయారై ఉంటుందని చాలామంది అంచనా. మూడోది రీకాంబినేషన్. కాపీ తీస్తున్న పాలిమరేజ్ మధ్యలో ఒక పోగు వదిలి ఇంకో పోగు మీదకు దూకడం కరోనా వైరస్‌ల సహజ లక్షణం. ఒకే మనిషికి రెండు రకాలు ఒకేసారి సోకితే కలగలుపు రకం పుడుతుంది. ఎక్స్‌బీబీ అనే వేరియంట్ అలా రెండు ఒమిక్రాన్ ఉపరకాలు కలిసి వచ్చిందే.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. సార్స్ 2002 నవంబరులో చైనాలోని గువాంగ్‌డాంగ్‌లో మొదలైంది. 8,098 కేసులు, 774 మరణాలు. 2003 జులై 5న అది అదుపులోకి వచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. 2004 తర్వాత మనుషుల్లో ఒక్క కేసూ నమోదు కాలేదు. అప్పుడు టీకా లేదు, మందు లేదు. జ్వరం ఉన్నవాళ్లను వెతకడం, వేరుగా ఉంచడం, వాళ్లను కలిసినవాళ్లను క్వారంటైన్ చేయడం, అంతే. ఇంత పాత పద్ధతి అంత బాగా ఎలా పనిచేసింది?

సార్స్ రోగి గొంతు, ముక్కులో వైరస్ మోతాదు లక్షణాలు మొదలైన పదో రోజు ప్రాంతంలో గరిష్ఠానికి చేరేది. అంటే మనిషి జ్వరంతో పడిపోయి, ఆసుపత్రిలో చేరిన తర్వాతే ఎక్కువగా అంటించేవాడు. అందుకే సోకినవాళ్లలో దాదాపు ఐదింట ఒకరు వైద్య సిబ్బంది. అది ఘోరం. కానీ అదుపు చేయడానికి అదే అవకాశం ఇచ్చింది: జబ్బుపడినవాళ్లను గుర్తిస్తే వ్యాప్తి గొలుసు తెగిపోతుంది.

కోవిడ్‌లో వైరస్ మోతాదు లక్షణాలు మొదలయ్యే సమయానికే, ఆ అటూ ఇటూ ఒకటి రెండు రోజుల్లోనే గరిష్ఠంగా ఉంటుంది. ఇంకా దగ్గు కూడా రాని మనిషి పక్కవాళ్లకు అంటించేస్తాడు. కొందరికి లక్షణాలు అసలు రావు. జ్వరం చూసి మనిషిని ఆపే పద్ధతికి ఇక్కడ పట్టు దొరకదు, ఎందుకంటే థర్మామీటర్ పెట్టేసరికి జరగాల్సింది జరిగిపోయింది. సార్స్ సోకినవాళ్లలో నూటికి దాదాపు పది మంది చనిపోయారు, కోవిడ్‌లో ఆ నిష్పత్తి చాలా తక్కువ. అయినా ప్రపంచాన్ని కుదిపేసింది రెండోదే. ఎంత ప్రాణాంతకం అన్నదానికంటే మనిషి నుంచి ఏ రోజున బయటికి వస్తుంది అన్నదే అదుపును నిర్ణయించింది. కొత్త వైరస్ వార్త వస్తే చాలామంది ముందు మరణాల శాతం చూస్తారు. నేను ముందు వెతికేది మాత్రం ఈ రోజుల లెక్క.

మెర్స్ మూడో తరహా. 2012లో సౌదీ అరేబియాలో బయటపడింది, ఒంటెల నుంచి వస్తుంది. నమోదైన రోగుల్లో మూడింట ఒక వంతుకు పైగా చనిపోతున్నారు. అది అతుక్కునే డీపీపీ4 అనే ప్రొటీన్ మనుషుల్లో ఊపిరితిత్తుల లోతుల్లోనే ఎక్కువ. అక్కడి నుంచి వైరస్ బయటికి రావడం కష్టం కాబట్టి బయట అంతగా పాకదు. ఆసుపత్రుల్లో మాత్రం పాకుతుంది. 2015లో దక్షిణ కొరియాలో ఒక్క ప్రయాణికుడితో మొదలై 186 మందికి చేరింది, 38 మంది చనిపోయారు. రద్దీ ఎమర్జెన్సీ వార్డులు, ఒక ఆసుపత్రి నుంచి ఇంకోదానికి తిరిగే రోగులు, వాళ్ల పక్కన కూర్చున్న బంధువులు దానికి దారి వేశారు.

లక్షణాలను బట్టి ఆపలేం కాబట్టి మిగిలింది గాలి. ఈ విషయంలో 2020లో విలువైన నెలలు పోయాయని నా గట్టి అభిప్రాయం. కూరగాయలు కడిగాం, తలుపు గడియలు తుడిచాం, కిటికీలు మాత్రం మూసి ఉంచాం. ప్లాస్టిక్, స్టీలు మీద మూడు రోజుల దాకా వైరస్ ఉంటుందన్న ప్రయోగ ఫలితం నిజమే, కానీ అలా ముట్టుకుని సోకినవాళ్లు చాలా తక్కువ. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక బృందగాన సాధన జరిగింది. హాజరైనవాళ్లు 61 మంది, వాళ్లలో 53 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. రెండున్నర గంటలు మూసిన గదిలో గొంతెత్తి పాడటం. మాట్లాడేటప్పుడు, పాడేటప్పుడు వచ్చే అతి చిన్న తుంపర్లు నేల మీద పడవు, గదిలో తేలుతూ పోగవుతాయి. అందుకే ఆరుబయట కలవడానికీ, గాలి ఆడని గదిలో కలవడానికీ అంత తేడా.

గాలి ఎంత ఆడుతోందో కంటికి కనపడదు గానీ కొలవచ్చు. కార్బన్ డయాక్సైడ్ మీటరు పెట్టండి. బయటి గాలిలో 420 పీపీఎం (పది లక్షల్లో 420 వంతులు) ప్రాంతంలో ఉంటుంది. మనుషులున్న గదిలో అది 1,500 దాటిందంటే ఒకరు వదిలిన గాలినే ఇంకొకరు గణనీయంగా పీలుస్తున్నారని అర్థం. ఎదురెదురు కిటికీలు తెరిస్తే కొద్ది నిమిషాల్లో అంకె పడిపోవడం మీరే చూస్తారు. కిటికీలు లేని చోట హెపా ఫిల్టరు (అతి సన్నని రేణువులను పట్టే గాలి వడపోత యంత్రం) వైరస్ కణాలను తగ్గిస్తుంది, కానీ మీటరు అంకె తగ్గదు. అది చూసి ఫిల్టరు పనిచేయడం లేదనుకోవద్దు. ఎన్95 మాస్క్ పట్టుకోవడానికి అన్నిటికంటే కష్టమైన 0.3 మైక్రాన్ల రేణువుల్లో కనీసం 95 శాతాన్ని ఆపుతుంది. దాని దారాల్లో ఉండే విద్యుదావేశం రేణువులను లాగేస్తుంది. అయితే ముఖానికి అంటుకుని ఉండాలి. ముక్కు పక్కన సందు ఉంటే గాలి ఆ సందులోంచే పోతుంది.

పరీక్షల గురించి కూడా ఒక మాట. ఆర్‌టీ-పీసీఆర్‌లో ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, ఒక్కో చక్రానికి రెట్టింపు చేస్తూ పోతాం. స్క్రీన్ మీద గీత చాలాసేపు నేలబారుగా సాగి, ఒక చోట హఠాత్తుగా పైకి లేస్తుంది. అది గీసిన హద్దును దాటిన చక్రం సంఖ్యే సీటీ విలువ. ఒక నమూనా 18వ చక్రంలో, ఇంకోటి 35వ చక్రంలో దాటాయనుకోండి. రిపోర్టులో రెండూ పాజిటివే. కానీ మొదటిదాంట్లో వైరస్ ఆర్‌ఎన్‌ఏ లక్ష రెట్లకు పైగా ఎక్కువ. 35 వచ్చినవాళ్లు తగ్గిపోయినవాళ్లు కావచ్చు, అప్పుడే మొదలవుతున్నవాళ్లు కూడా కావచ్చు. ఒక్క అంకెతో తేల్చలేం, ఒకటి రెండు రోజుల తర్వాత మళ్లీ చూడాలి. ఇంట్లో చేసుకునే యాంటిజెన్ పరీక్ష ఎన్ ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. అది వైరస్ బాగా ఉన్నప్పుడే పాజిటివ్ చూపుతుంది. లక్షణాలు మొదలైన రోజున నెగెటివ్ వస్తే నిశ్చింతగా నలుగురిలోకి వెళ్లిపోకండి, 48 గంటల తర్వాత ఇంకోసారి చేయండి.

టీకాల విషయం. ఎక్కుపెట్టిన స్థితిలో ఉన్న స్పైక్‌ను గుర్తుపట్టే యాంటీబాడీలే వైరస్‌ను బాగా ఆపుతాయి. కానీ ఆ ప్రొటీన్‌ను విడిగా తయారు చేస్తే అది నిలకడగా ఉండదు, ఆకారం మార్చేసుకుంటుంది. మెర్స్ మీద పనిచేసిన బార్నీ గ్రాహం, జేసన్ మెక్‌లెలన్ తదితరులు కోవిడ్‌కు కొన్నేళ్ల ముందే దీనికి విరుగుడు కనిపెట్టారు. స్పైక్‌లో పక్కపక్కన ఉన్న రెండు అమైనో ఆమ్లాలను తీసి వాటి చోట ప్రోలీన్ పెడితే ఆ స్థితి బిగుసుకుపోతుంది. 2020 జనవరి రెండో వారంలో కొత్త వైరస్ జీనోమ్ బయటికి రాగానే అదే మార్పును ఇందులోనూ పెట్టారు. మార్చి 16న మోడెర్నా కంపెనీ ఎంఆర్‌ఎన్‌ఏ టీకా (స్పైక్‌ను తయారు చేయమనే సందేశాన్ని మన కణాలకు ఇచ్చేది) మొదటి డోసు ఒక మనిషికి వేశారు. అంత తొందరగా ఎలా తెచ్చారు, ఏదో దాస్తున్నారు అనేవాళ్లకు నా జవాబు ఇదే. దాని వెనక మెర్స్ మీద ఏళ్ల పని ఉంది. ఎంఆర్‌ఎన్‌ఏను శరీరం తట్టుకునేలా చేసే మార్పు మీద కాటలిన్ కరికో, డ్రూ వైజ్‌మన్ దశాబ్దాలు పనిచేశారు, 2023లో వాళ్లకు నోబెల్ వచ్చింది. అందరి టీకాలూ ఈ పద్ధతివి కావు. కోవిషీల్డ్ చింపాంజీ అడినోవైరస్‌తో స్పైక్ జన్యువును మోసుకొస్తుంది, కోవాగ్జిన్‌లో వైరస్ మొత్తాన్ని రసాయనంతో నిర్వీర్యం చేసి ఇస్తారు.

మరి వేసుకున్నాక కూడా ఎందుకు సోకుతోంది? కండలో వేసిన సూది రక్తంలో యాంటీబాడీలను బాగా పెంచుతుంది, ముక్కు లోపలి తడి పొరలో మాత్రం అంతగా కాదు. వైరస్ ముందు వచ్చేది ముక్కులోకే. పైగా కొన్ని నెలల్లో యాంటీబాడీలు తగ్గుతాయి, ఈలోపు స్పైక్ కూడా మారుతుంది. జలుబు కరోనాలతో ఇది ముందే తెలుసు. 229ఈ వైరస్‌ను వాలంటీర్ల ముక్కులో వేసి, ఏడాది తర్వాత మళ్లీ అదే వేస్తే చాలామందికి మళ్లీ సోకింది. కానీ జలుబు లక్షణాలు రాలేదు. ఎందుకంటే సోకకుండా ఆపడం ఒక పని, సోకాక ఊపిరితిత్తుల దాకా పోనివ్వకపోవడం ఇంకో పని. రెండోదాంట్లో టి కణాలనే రోగనిరోధక తెల్ల రక్తకణాలది పెద్ద పాత్ర. అవి స్పైక్ ఒక్కదాన్నే కాకుండా వైరస్‌లో చాలా ముక్కలను గుర్తుపెట్టుకుంటాయి, అన్నీ ఒకేసారి మారవు. 2003లో సార్స్ వచ్చి తగ్గినవాళ్ల రక్తంలో 17 ఏళ్ల తర్వాత కూడా ఆ టి కణాలు కనిపించాయి. కాబట్టి టీకా తర్వాత జలుబులా వచ్చి పోతే టీకా విఫలమైందని అనుకోకండి. పెద్ద వయసువాళ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు డాక్టరును అడిగి బూస్టర్ వేయించుకోవడం మాత్రం తప్పనిసరిగా ఆలోచించాలి.

మందుల ప్రశ్న దగ్గర నాకు బాధ ఎక్కువ, ఎందుకంటే ఇక్కడ జరిగిన నష్టం ఆపగలిగినదే. యాంటీబయాటిక్‌లు బ్యాక్టీరియా గోడను, దాని రైబోజోములను, ఇలా బ్యాక్టీరియాకు సొంతమైనవాటినే దెబ్బతీస్తాయి. వైరస్‌కు అవేవీ లేవు. అజిత్రోమైసిన్‌ను పెద్ద ట్రయల్స్‌లో పరీక్షించారు, కోవిడ్‌లో ప్రయోజనం కనిపించలేదు. హైడ్రాక్సీక్లోరోక్విన్, ఐవర్‌మెక్టిన్ కూడా అంతే. తోడుగా బ్యాక్టీరియా న్యుమోనియా ఉందని డాక్టరు తేల్చినప్పుడు యాంటీబయాటిక్ ఇవ్వడం వేరే సంగతి.

స్టెరాయిడ్ ప్రాణం కాపాడే మందే, సరైన రోజున ఇస్తే. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ ఫలితం 2020 జూన్‌లో వచ్చింది. రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలను మూడింట ఒక వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో దాదాపు ఐదింట ఒక వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లలో మేలు కనిపించలేదు, మొగ్గు కీడు వైపే ఉంది. కారణం జబ్బు రెండు దశల్లో నడవడం. మొదటి వారంలో వైరస్ పెరుగుతుంది, దాన్ని అణచాల్సింది మన రోగనిరోధక వ్యవస్థ. అప్పుడు స్టెరాయిడ్ వేస్తే మన చేతులు మనమే కట్టేసుకున్నట్టు. రెండో వారంలో కొందరిలో వైరస్ తగ్గుతున్నా ఆ వ్యవస్థే అదుపు తప్పి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, స్టెరాయిడ్ అక్కడికి. 2021లో భారత్‌లో డెల్టా వేవ్ అప్పుడు బ్లాక్ ఫంగస్‌తో కళ్లు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లలో చాలామందికి షుగర్ ఉంది, స్టెరాయిడ్లు వాడారు. ఇంట్లో ఆక్సిజన్ 97 చూపిస్తుంటే డెక్సా మాత్రలు మింగడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి అర్థం చేసుకోండి.

యాంటీవైరల్‌కు లెక్క తిరగబడుతుంది, అది ఎంత ముందు వేస్తే అంత మంచిది. పాక్స్‌లోవిడ్‌ను లక్షణాలు మొదలైన ఐదు రోజుల్లోపే మొదలుపెట్టాలి, ఐదు రోజులు వాడాలి. ప్రమాదం ఎక్కువున్న, టీకా వేసుకోనివాళ్ల మీద జరిగిన ట్రయల్‌లో అది ఆసుపత్రి పాలవడాన్నీ మరణాలనూ 90 శాతానికి దగ్గరగా తగ్గించింది. ఒక జాగ్రత్త ఉంది. అందులో తోడుగా ఉండే రిటోనవిర్ మన కాలేయంలో మందులను విరిచే ఎంజైమ్‌ను ఆపేస్తుంది. అసలు మందు ఒంట్లో ఎక్కువసేపు ఉండాలని అలా పెట్టారు. కానీ మీరు వాడే కొలెస్ట్రాల్ మాత్ర, రక్తం పల్చబరిచే మందు, గుండె మందు కూడా అదే ఎంజైమ్ మీద ఆధారపడి ఉండవచ్చు. రోజూ వాడే మందుల చీటీ మొత్తం డాక్టరుకు చూపించకుండా దీన్ని మొదలుపెట్టొద్దు.

ఇక మీ పిల్లి. ముందు టెన్షన్ వదిలేయండి. పిల్లులకు వాటి సొంత కరోనా వైరస్ ఉంది, అది ఆల్ఫా శాఖది, కోవిడ్ వైరస్‌ది బీటా శాఖ. పిల్లి కరోనా మనుషులకు సోకదు. పిల్లులకు కోవిడ్ వైరస్ కూడా సోకగలదు, కానీ అది ఎక్కువగా ఇంట్లోని మనుషుల నుంచే వాటికి వెళ్తుంది. మీ రిపోర్టులో ఉన్నది ఏదో వెటర్నరీ డాక్టరును అడిగి తేల్చుకోండి. చాలావరకు ఫెలైన్ కరోనా వైరస్సే అయి ఉంటుంది.

అది చాలా పిల్లుల పేగుల్లో ఉండి, కాస్త విరేచనాలతో పోతుంది. కొద్ది శాతం పిల్లుల్లో మాత్రం, ఆ పిల్లి ఒంట్లోనే మ్యుటేషన్ జరిగి వైరస్ పేగు కణాలను వదిలి మాక్రోఫేజ్‌లనే తెల్ల రక్తకణాల్లోకి దూరుతుంది. అప్పుడు ఒళ్లంతా పాకి ఎఫ్‌ఐపీ అనే జబ్బు అవుతుంది. పందుల్లో దీనికి తిరగేసిన కథ ఉంది. పేగుల జబ్బుతో పందిపిల్లలను చంపే ఒక కరోనా వైరస్, స్పైక్‌లో ఒక ముక్క పోగొట్టుకుని మామూలు శ్వాసకోశ వైరస్‌గా మారింది, 1980లలో దాన్ని గుర్తించారు. స్పైక్ కొంచెం మారితే జబ్బు ఉండే చోటే మారిపోతుంది.

మీ పిల్లి తింటూ, ఆడుతూ ఉంటే పాజిటివ్ రిపోర్టు ఒక్కదానికి మందు అక్కర్లేదు. తగ్గని జ్వరం, బరువు తగ్గడం, పొట్ట నీరు పట్టి ఉబ్బడం, కళ్లలో మార్పు కనిపిస్తే వెంటనే తీసుకెళ్లండి. ఒకప్పుడు ఎఫ్‌ఐపీ వచ్చిన పిల్లి బతకడం దాదాపు లేదు. ఇప్పుడు జీఎస్-441524 అనే మందుతో ఎక్కువ పిల్లులు కోలుకుంటున్నాయి. ఒంట్లోకి వెళ్లాక రెమ్‌డెసివిర్ మారే రూపాల్లో అదొకటి, పైన చెప్పిన పాలిమరేజ్‌నే ఆపుతుంది. 2023లో సైప్రస్‌లో పిల్లి, కుక్క కరోనాలు కలిసి పుట్టిన కొత్త రకం పిల్లుల్లో పాకినప్పుడు, అక్కడి ప్రభుత్వం మనుషుల కోవిడ్ కోసం నిల్వ చేసిన మోల్నుపిరవిర్ మాత్రలను పిల్లులకు వాడటానికి విడుదల చేసింది. కాబట్టి డాక్టరు ఎఫ్‌ఐపీ అని తేల్చినా ఆశ వదులుకోకండి, మోతాదు బరువును బట్టి ఉంటుంది, వారాల తరబడి ఇవ్వాలి, బరువు పెరిగేకొద్దీ మోతాదు సరిచూసుకోవాలి.